సిబ్బందికి సైకిల్ అడ్వాన్స్: ఆఫీసులో, ఫ్యాక్టరీలో పథకం పెట్టే పద్ధతి, మొదటి లెక్క నుంచి పంచరు దాకా

ప్రభుత్వోద్యోగులకు 'సైకిల్ అడ్వాన్స్' కొత్త మాట కాదు. ఏడో వేతన సంఘం సిఫార్సుల తర్వాత 2016లో కేంద్ర ప్రభుత్వం తన సిబ్బందికి దాన్ని ఎత్తేసింది. అయినా ఆ పద్ధతి ప్రైవేటు సంస్థకు ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. సంస్థ డబ్బు ముందుగా కడుతుంది, ఉద్యోగి సైకిల్ తెచ్చుకుంటాడు, నెలనెలా జీతంలోంచి వడ్డీ లేకుండా తీరిపోతుంది.

హెచ్ఆర్ వాళ్లు ఇంటర్నెట్‌లో వెతికితే ముందు కనిపించేది బ్రిటన్ నమూనా. అక్కడ 1999 నుంచి ఉన్న పన్ను మినహాయింపు వల్ల, జీతంలో కొంత వదులుకుని సైకిల్ తీసుకున్న ఉద్యోగికి పన్ను మిగులుతుంది. మన దేశంలో సైకిల్‌కు అలాంటి మినహాయింపు లేదు. ఆ నమూనాను ఉన్నదున్నట్టు దించితే జీతాల విభాగం దగ్గరే ఆగిపోతుంది. ఇక్కడ ఉద్యోగికి కలిసొచ్చేవి మూడు: వడ్డీ లేని వాయిదాలు, పది మంది కలిసి కొంటే వచ్చే ధర, కొన్నాక దొరికే రిపేరు. మూడోదాన్ని వదిలేసిన పథకంలో ఆరు నెలలకే సగం సైకిళ్లు మెట్ల కింద చేరతాయి.

కింది లెక్కలన్నీ 150 మంది పనిచేసే యూనిట్‌లో, మొదటి ఏడాది 30 సైకిళ్లు ఇస్తారనుకుని వేసినవి. మీ సంఖ్యకు తగ్గట్టు మార్చుకోండి.

1. ఎవరికి కావాలో తేల్చుకోండి

'సైకిల్ కావాలా?' అని ఫారం పంపితే అందరూ కావాలంటారు. అది పనికిరాని సర్వే. నాలుగు ప్రశ్నలు అడగండి: ఇల్లు ఎన్ని కిలోమీటర్లు, ఇప్పుడు ఎలా వస్తున్నారు, రోజుకు ఎంత ఖర్చవుతోంది, ఏ షిఫ్టు. 6 కిలోమీటర్ల లోపు ఉండి, నడిచో షేర్ ఆటోలోనో వచ్చేవాళ్లు మీ మొదటి జాబితా. గంటకు 12 నుంచి 15 కిలోమీటర్ల వేగంతో తొక్కినా 6 కిలోమీటర్లకు అరగంట లోపే పడుతుంది. 10 కిలోమీటర్లు దాటినవాళ్లు ఉత్సాహంగా పేరిస్తారు కానీ ఎండాకాలం వచ్చేసరికి బండి మీదికి మారిపోతారు. వాళ్లను రెండో విడతలో చూడవచ్చు.

ఇప్పటికే బైకు ఉన్నవాళ్ల గురించి ఎక్కువ ఆశపడకండి. షేర్ ఆటోకు రోజుకు 60 రూపాయలు పెట్టేవాడికి 25 రోజులకు 1,500 అవుతుంది. అతనికి 1,000 రూపాయల వాయిదా భారం కాదు, మిగులు. ఇద్దరు కూర్చుని బైకు మీద వచ్చేవాళ్లకు ఆ మిగులు కనిపించదు.

సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పథకం సాధారణంగా గేర్ల సైకిల్ కొనే ఇంజినీరును ఊహించుకుని తయారవుతుంది. రోజూ నిజంగా సైకిల్ మీద వచ్చే సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ మనిషి కాంట్రాక్టరు పేరోల్ మీద ఉంటారు కాబట్టి పథకంలో వాళ్లకు చోటుండదు. దీన్ని మొదట్లోనే సరిచేయాలి. వాళ్ల జీతంలో కోత పెట్టగలిగేది కాంట్రాక్టరే గనుక సంస్థ, కాంట్రాక్టరు, కార్మికుడు ముగ్గురూ సంతకం చేసే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. సంస్థ దుకాణానికి కడుతుంది, కాంట్రాక్టరు నెలనెలా కోసి సంస్థకు జమ చేస్తాడు. కాంట్రాక్టు మధ్యలో రద్దయితే మిగిలిన వాయిదాలు ఎవరివో అందులోనే రాయాలి. కాంట్రాక్టరు ఒప్పుకోకపోతే, సంస్థ పేరు మీదే ఐదారు సైకిళ్లు కొని వాళ్ల వాడకానికి ఇవ్వడం మేలు.

రాత్రి షిఫ్టు మహిళలకు రవాణా ఏర్పాటు యాజమాన్యం బాధ్యత. సైకిల్ ఇచ్చాం కదా అని క్యాబ్ తీసేయడం కుదరదు. ఈ మాట పథకం పత్రంలోనే రాయండి.

2. డబ్బు లెక్క

గేర్లు లేని మంచి సైకిల్‌తో ఒక్కొక్కరికి అయ్యే ఖర్చు ఉజ్జాయింపుగా ఇదీ:

- సైకిల్: 9,800
- మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, బిగింపు: 900
- హెల్మెట్: 1,200
- ముందు, వెనక లైట్లు: 900
- తాళం: 700

మొత్తం 13,500. ఇందులో 1,500 సంస్థ భరించి, 12,000 అడ్వాన్స్‌గా ఇచ్చి 12 వాయిదాల్లో కోస్తే నెలకు సరిగ్గా 1,000. రౌండు సంఖ్య కావడం చిన్న విషయంగా అనిపిస్తుంది కానీ పే స్లిప్ చూసి 'ఈ 1,037 ఏంటి?' అని అడిగేవాళ్లు తగ్గుతారు. వాయిదాలు 12 దాటించకండి. సైకిల్ పాతబడ్డాక కూడా కోత సాగుతుంటే జనానికి చికాకు పుడుతుంది.

30 మందికి ఒకేసారి ఇస్తే 3,60,000 బయటికి పోతుంది. పదేసి మందికి రెండేసి నెలల తేడాతో ఇస్తే, మూడో విడత నాటికి మొదటివాళ్ల బాకీ 80,000కు, రెండోవాళ్లది 1,00,000కు దిగుతుంది. అప్పుడు గరిష్ఠంగా 3,00,000 చాలు. డబ్బు ఆదా కంటే ముఖ్యం, మొదటి పది సైకిళ్లలో బయటపడిన లోపాలను రెండో విడతకు దుకాణంతో సరిచేయించుకోవచ్చు.

బిల్లు ఉద్యోగి పేరు మీద ఉండాలి, డబ్బు సంస్థ నేరుగా దుకాణం ఖాతాలో వేయాలి. ఈ ఒక్క నియమంతో చాలా తలనొప్పులు పోతాయి. సైకిల్ మొదటి రోజు నుంచే ఉద్యోగిది. సంస్థ కొని మళ్లీ ఉద్యోగికి అమ్మినట్టు అయితే జీఎస్టీ దృష్టిలో అది సరఫరా, అంటే పన్ను పడే అమ్మకం, అవుతుందా అన్న ప్రశ్న వస్తుంది. ఈ పద్ధతిలో ఆ ప్రశ్నే లేదు. డబ్బు చేతికిస్తే అది స్కూలు ఫీజుకో ఆసుపత్రికో పోతుంది. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఇంట్లో అవసరం అలాంటిది.

జీఎస్టీ మాట వచ్చింది కాబట్టి: సైకిళ్ల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను కాక 9,000 ఉన్న సైకిల్ మీద 630 రూపాయల తేడా. దుకాణం ఇచ్చిన కొటేషన్‌లో పన్ను విడిగా చూపించమనండి.

3. పన్ను, చట్టం

2026 మార్చి దాకా అమల్లో ఉన్న 1962 నాటి ఆదాయపు పన్ను నిబంధనల ప్రకారం, యజమాని ఇచ్చిన వడ్డీ లేని అప్పులన్నీ కలిపి 20,000 దాటకపోతే ఉద్యోగికి ఏ పన్నూ ఉండేది కాదు. జనం పొరపాటు పడేది 'అన్నీ కలిపి' అన్న దగ్గరే. దసరాకు 15,000 పండగ అడ్వాన్స్ తీసుకుని అది తీరకముందే 12,000 సైకిల్ అడ్వాన్స్ తీసుకుంటే మొత్తం 27,000. ఆ పరిమితి దాటినట్టే. దరఖాస్తు ఫారంలో 'సంస్థకు ప్రస్తుతం ఉన్న బాకీ' అని ఒక గడి పెట్టి, అకౌంట్స్ వాళ్లతో నింపించండి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి, ఆ తర్వాతి జీతాలకు కొత్త నిబంధనల్లో ఉన్న పరిమితిని ఆడిటర్‌ను అడిగి పత్రంలో రాసుకోండి.

పరిమితి దాటితే కొంపలేమీ మునగవు. ఆ 20,000 పరిమితే ఉందనుకుని చూద్దాం: 36,000 అడ్వాన్స్, నెలకు 3,000 చొప్పున 12 నెలలు. నెలాఖరు బాకీలన్నీ కూడితే 1,98,000. సంస్థ వసూలు చేయని వడ్డీనే ఉద్యోగి ఆదాయంగా లెక్కేస్తారు; దానికి స్టేట్ బ్యాంకు వడ్డీ రేటు తీసుకుంటారు. అది ఏడాదికి 9 శాతం, అంటే నెలకు 0.75 శాతం అనుకుంటే ఏడాదికి 1,485 రూపాయలు జీతానికి కలుస్తాయి. 20 శాతం శ్లాబులో ఉన్నవాడికి పన్ను 300 చిల్లర. కట్టేయమని చెప్పండి. దీనికోసం అప్పును రెండు పేర్ల మీద చీల్చే తెలివితేటలు వద్దు.

కోత విషయానికొస్తే, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం ఒక నెలలో అన్ని కోతలూ కలిపి వేతనంలో 50 శాతం మించకూడదు. 18,000 జీతం మీద 1,000 కోత చిన్నదే. కానీ పీఎఫ్, ఈఎస్ఐ, పాత అడ్వాన్స్, సొసైటీ అప్పు, సెలవుల కోత అన్నీ పడ్డ నెలలో గీత దగ్గరికి వస్తుంది. 'కోతలు 40 శాతం దాటిన నెలలో సైకిల్ వాయిదా తర్వాతి నెలకు జరుగుతుంది' అని నియమం పెట్టుకుంటే ఎవరూ ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. కోతకు ఉద్యోగి రాతపూర్వక అంగీకారం తప్పనిసరిగా తీసుకోండి, తెలుగులో.

దారిలో ప్రమాదం జరిగితే మన మీదికి వస్తుందేమోనని యాజమాన్యాలు జంకుతాయి. ఈఎస్ఐ నియమాల్లో 2010 నుంచే, ఇంటికీ పనికీ మధ్య జరిగిన ప్రమాదానికి ఉద్యోగంతో సంబంధం రుజువైతే పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తారు. బైకు మీద వచ్చినా, నడిచి వచ్చినా, సైకిల్ మీద వచ్చినా అదే. సైకిల్ అడ్వాన్స్ వల్ల కొత్తగా నెత్తిన పడేదేమీ లేదు. ఈఎస్ఐ పరిధి దాటిన జీతాలవాళ్లకు గ్రూపు ప్రమాద బీమా ఉందో లేదో మాత్రం చూసుకోండి.

4. ఏ సైకిల్

రెండే మోడళ్లు ఎంచుకోండి. ఇష్టమొచ్చింది కొనుక్కోమంటే 30 సైకిళ్లకు ఏడు రకాల ట్యూబులు దాచుకోవాల్సి వస్తుంది. 700×35 కొలత టైరుతో గేర్లు లేని హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ సైకిల్‌కూ మధ్యరకం) ఒకటి, అడ్డ కడ్డీ లేకుండా కిందికి వంగిన ఫ్రేముది ఒకటి. రెండోది మహిళలకే అనుకోవద్దు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు, వెనక టిఫిన్ సంచీ కట్టుకుని ఎక్కేవాళ్లు దాన్నే అడుగుతారు. చీర, చున్నీ చిక్కుకోకుండా చైన్ కవరు పూర్తిగా మూసి ఉండాలి, వెనక చక్రానికి చీర గార్డు ఉండాలి.

బియ్యం బస్తా కూడా మోయాలనుకునేవాళ్లు కడ్డీ బ్రేకుల పాత తరహా సైకిలే కావాలంటారు. ఇవ్వండి. కానీ గుర్తుంచుకోండి: దాని 28×1½ టైరు రిమ్ము కొలత 635 మిల్లీమీటర్లు, 700 టైరుది 622. రెండింటినీ కొట్టువాళ్లు '28 సైజు' అనే అంటారు. ఒకదాని టైరు ఇంకోదానికి కూర్చోదు. స్టోరులో టైరు మీద చెక్కి ఉన్న 622, 635 అంకెలు చూసి వేరువేరు గూళ్లలో పెట్టండి.

గేర్లు మన చదును దారులకు అక్కర్లేదు. విశాఖ లాంటి ఎత్తుపల్లాల ఊళ్లో వెనక 6 లేదా 7 పళ్లచక్రాలుంటే చాలు, ముందు ఒకటే. ఫ్రేము మధ్యలో స్ప్రింగు సస్పెన్షన్ ఉన్న చవక సైకిల్ ఎంత మెరిసినా వద్దు. బరువెక్కువ, తొక్కిన బలంలో కొంత స్ప్రింగు మింగేస్తుంది, ఏడాదికి దాని బుష్‌లు కిర్రుమంటాయి.

ఎలక్ట్రిక్ సైకిల్ అడిగితే మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు అని ధ్రువీకరించిన పత్రం చూడండి. అది దాటితే చట్టం దృష్టిలో మోటారు వాహనం: రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అన్నీ కావాలి. ధర ఎక్కువ కాబట్టి అడ్వాన్స్ పరిమితి పైన ఉన్నది ఉద్యోగే ముందుగా కట్టుకునేలా పెట్టండి. ఛార్జింగ్ పాయింట్లు మెట్ల దగ్గర, బయటికి వెళ్లే దారిలో వద్దు. విడి ఎంసీబీతో (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్చు), ఎండ తగలని గోడకు, మనుషులు ఉండే వేళల్లో మాత్రమే.

5. దుకాణం, డెలివరీ రోజు

ఆన్‌లైన్‌లో రెండొందలు తక్కువకు వస్తుందని పెట్టెలో వచ్చే సైకిల్ కొనకండి. 'ఎనభై శాతం బిగించే వస్తుంది' అంటారు. మిగతా ఇరవై శాతంలోనే బ్రేకులు, హ్యాండిల్, పెడళ్లు ఉంటాయి. ఫ్యాక్టరీకి 5 కిలోమీటర్ల లోపు ఉన్న దుకాణంతో మాట్లాడుకోండి. ధరలో తగ్గింపు కంటే రెండు ఉచిత సర్వీసులు, మీ ఆవరణలోనే, అని అడగండి. ఒక సర్వీసు 30 రోజులకు, ఇంకోటి 90 రోజులకు. చివరి 10 శాతం డబ్బు మొదటి సర్వీసు అయ్యాకే ఇస్తామని రాసుకోండి.

డెలివరీ రోజు ఒక్కో సైకిల్‌కు పది నిమిషాలు పెట్టండి. చూసే మనిషి మెకానిక్ కానక్కర్లేదు, వరస తెలిస్తే చాలు.

సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ముందు చక్రం తిప్పండి. బ్రేకు రబ్బరుకూ రిమ్ముకూ మధ్య సందు మీద కన్నుంచండి. సుమారు 2 మిల్లీమీటర్ల సందు తిరిగినంతసేపూ ఒకేలా ఉండాలి; అది మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటే చక్రం వంకర. స్పోకులు రెండేసి కలిపి వేళ్లతో నొక్కండి, ఒక జత మెత్తగా తగిలితే అక్కడ వదులు. పెడల్ చెయ్యిని (పెడల్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) పట్టుకుని పక్కకు ఊపండి. టక్ టక్ మంటే లోపలి బేరింగు కప్పు సరిగా బిగించలేదు. ఇప్పుడు సైకిల్‌ను నిలబెట్టి ముందు బ్రేకు గట్టిగా పట్టి ముందుకీ వెనక్కీ తోయండి. హ్యాండిల్ మెడ దగ్గర ఊగితే హెడ్ కప్పు వదులు.

ముందు ఫోర్కు (ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే కడ్డీలు) తిరగబడి బిగిసిందేమో చూడండి. హడావిడిగా కట్టిన సైకిళ్లలో ఇది తరచూ జరుగుతుంది. బ్రేకు వెనక వైపుకు వచ్చి, తొక్కేవాడి కాలివేలు చక్రానికి తగులుతుంది. పెడళ్ల మీద ఎల్, ఆర్ అని ఉంటుంది. ఎడమ పెడల్ మర ఎదురు తిరుగుడు. కుడిది ఎడమకు బలవంతంగా బిగిస్తే మొదటి వారం బాగానే ఉంటుంది, తర్వాత మర అరిగి పెడల్ చేత్తో ఊడివస్తుంది. అప్పుడు మార్చాల్సింది పెడల్ కాదు, మొత్తం చెయ్యి.

సీటు ఎత్తు ఆ మనిషిని కూర్చోబెట్టే పెట్టాలి. పెడల్ అన్నిటికంటే కిందికి ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. చాలామంది సీటు బాగా కిందికి దించుకుని తొక్కి, నెలకు మోకాలు నొప్పి అని మానేస్తారు.

ఫ్రేము నంబరు సాధారణంగా పెడళ్ల ఇరుసు కింద చెక్కి ఉంటుంది. ఫోన్‌తో ఫొటో తీసి, బిల్లుతో కలిపి ఉద్యోగి ఫైల్లో పెట్టండి. పోయినప్పుడు పోలీసులు మొదట అడిగేది అదే.

6. పెట్టుకునే చోటు

సైకిల్ స్టాండు కట్టకుండా పథకం ప్రకటించకండి. చక్రం మాత్రమే దూర్చే ఇనప సందుల స్టాండు చవక, కానీ పక్కవాడు తోస్తే రిమ్ము వంగుతుంది, ఫ్రేముకు తాళం పడదు. ఒకటిన్నర అంగుళం జీఐ పైపును తిరగేసిన 'యు' ఆకారంలో వంచి, నేల మీద 75 సెంటీమీటర్లు కనిపించేలా, 30 సెంటీమీటర్లు కాంక్రీటులో దిగేలా పాతండి. ఒక్కో పైపుకు అటొకటి ఇటొకటి రెండు సైకిళ్లు. పైపుకూ పైపుకూ మధ్య 1 మీటరు, గోడ నుంచి 60 సెంటీమీటర్లు. రెండు కార్లు నిలిపే జాగాలో 20 సైకిళ్లు పడతాయి; ఫెసిలిటీస్ మేనేజరుకు ఈ ఒక్క వాక్యం చాలు.

పైన రేకు ఉండాలి. ఎండలో రోజంతా నిలిచిన సైకిల్ సీటు మీద సాయంత్రం కూర్చోలేరు, టైరు రబ్బరు పగుళ్లు తేలుతుంది. స్టాండు సెక్యూరిటీ గది కనిపించే చోట, గేటుకు దగ్గరగా ఉండాలి. సెల్లార్ ర్యాంపు మీద కార్ల మధ్య నడిపించుకుంటూ దిగాలంటే జనం బయట చెట్టుకే కట్టేస్తారు. చొక్కా మార్చుకునేందుకు ఒక గది, నాలుగు కొక్కేలు, ఒక ఫ్యాను. షవరు ఉంటే మంచిదే కానీ 4 కిలోమీటర్లు వచ్చేవాడు అడగడు.

దారి విషయంలో సంస్థ చేయగలిగింది తక్కువ. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ ఆదివారం తొక్కడానికి బాగుంటుంది; జీడిమెట్లకో చర్లపల్లికో పనికి వెళ్లేవాడికి అది దారి కాదు. గేటు నుంచి కిలోమీటరు దూరం వరకు ఎక్కడ వీధిలైటు లేదు, ఎక్కడ మూత లేని మ్యాన్‌హోల్ ఉంది అన్నది మాత్రం రాసి మున్సిపాలిటీకి ఇవ్వవచ్చు. షిఫ్టు మారే వేళ లారీలు గేటు లోపలికి రాకుండా పది నిమిషాలు ఆపడం మీ చేతుల్లోనే ఉంది.

7. రిపేరు

కొత్త సైకిల్ మొదటి నెలలోనే ఎక్కువ వదులవుతుంది. బ్రేకు వైర్లు సాగుతాయి, స్పోకులు సర్దుకుంటాయి, చైను కొంచెం జారుతుంది. 30 రోజుల సర్వీసు తప్పితే, వంకర చక్రంతోనే తొక్కి స్పోకులు ఒక్కొక్కటే తెగుతాయి. తర్వాత నెలకో శనివారం మూడు గంటలు ఒక మెకానిక్‌ను పిలిపించండి. కూలి సంస్థది, సామాను ఖర్చు ఉద్యోగిది, 50 రూపాయల లోపు సామాను సంస్థదే అని పెట్టుకుంటే చిల్లర లెక్కలు ఉండవు.

సెక్యూరిటీ గదిలో 20 సైకిళ్లకు సరిపడా పెట్టె: నిలబడి కొట్టే గాలి పంపు ఒకటి, ట్యూబులు ఆరు, ప్యాచీలు, సొల్యూషన్, టైరు లీవర్లు మూడు, బ్రేకు రబ్బర్లు పది జతలు, ముందు వెనక బ్రేకు వైర్లు నాలుగేసి, 15 నంబరు స్పానరు, 4, 5, 6 అలెన్ కీలు, చైన్ నూనె సీసా. బైకు ఇంజిన్‌లోంచి తీసిన నల్ల నూనె చైనుకు వేయనివ్వకండి, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. గాలి ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. నెలల తరబడి గాలి చాలని టైరుతో తొక్కితే గుంతలో పడ్డప్పుడు ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అలాంటి పంచరు కనిపిస్తే ముల్లు కోసం వెతక్కండి, గాలి సరిచూడండి.

8. పత్రంలో ఏం రాయాలి

రెండు పేజీలు దాటకూడదు. అర్హత (ఆరు నెలల సర్వీసు చాలు), గరిష్ఠ అడ్వాన్స్, వాయిదాలు, ఎక్కువగా పనికి రావడానికే వాడతానన్న మాట, సర్వీసు వివరాలు. వాడుతున్నారా లేదా అని రోజూ సంతకాలు పెట్టించకండి. నెలకోసారి, ముందుగా చెప్పకుండా, స్టాండులో సైకిళ్లు లెక్కపెడితే చాలు. పిల్లవాడు ట్యూషన్‌కు తీసుకెళ్లాడని అడ్వాన్స్ వెనక్కి అడిగే పథకం ఎవరికీ అక్కర్లేదు.

ఉద్యోగం మానేసినవాళ్లది అసలు చిక్కు. వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. కాబట్టి సైకిల్ బాకీల పట్టిక ప్రతి నెలాఖరుకు సిద్ధంగా ఉండాలి, అప్పటికప్పుడు వెతుక్కుంటే దొరకదు. చివరి జీతంలో చట్టం ఒప్పుకున్నంత కోసి, మిగతాది రెండు మూడు వాయిదాల్లో కట్టేలా రాయించుకోండి. గ్రాట్యుటీ, పీఎఫ్ జోలికి వెళ్లకండి. సైకిల్ వెనక్కి తీసుకోవడం కాగితం మీద బాగుంటుంది. ఆరు నెలలు తొక్కిన సైకిల్‌ను స్టోరులో పడేసి ఎవరికి ఇస్తారు? అలాంటి బాకీలు ఏడాదికి ఒకటి రెండు ఉంటాయని ముందే బడ్జెట్‌లో 10,000 పక్కన పెట్టుకోవడం తేలిక.

సైకిల్ పోతే: స్టాండుకు ఫ్రేముతో కలిపి తాళం వేసి ఉండి, పోలీసు ఫిర్యాదు కాపీ ఉంటే మిగిలిన బాకీలో సగం మాఫీ. తాళం వేయకపోతే మాఫీ లేదు. ఈ నియమం మొదటి దొంగతనం కంటే ముందే గోడ మీద ఉండాలి, తర్వాత పెడితే ఆ ఉద్యోగికి వ్యతిరేకంగా పెట్టినట్టు అవుతుంది.

మొదలుపెట్టే నెల కూడా చూసుకోండి. రోహిణి కార్తెలోనో, జులై వానల్లోనో కొత్తగా సైకిల్ ఎక్కినవాడు రెండో వారమే దిగుతాడు. దసరాకు ముందు సర్వే, దీపావళి లోపు స్టాండు, నవంబరు రెండో వారంలో మొదటి పది సైకిళ్లు. అలా ఇస్తే ఎండలు ముదిరేలోపు వాళ్లకు నాలుగు నెలల అలవాటు ఉంటుంది, మీ చేతిలో రెండో విడత దుకాణానికి చూపించాల్సిన లోపాల జాబితా ఉంటుంది.